భీమసేనరావుగారు బహూకరించిన సైకిల్

మా ఇంట్లో ఎవరికైనా మంచినీళ్ళు ఇవ్వాలంటే మా బావ పేరు కనబడకుండా ఇవ్వడం కష్టం. చెంబు మీద ఆయన పేరు. గ్లాసు అంచు కింద ఆయన పేరు. బిందె మెడ చుట్టూ ఆయన పేరు, ఊరు, కొట్టు ఫోన్ నంబరు. భీమసేనరావు, స్టీలు పాత్రల వ్యాపారి, ఆదోని. నా భార్య తులసీబాయికి సొంత అన్న. మా పెళ్ళి సామాను మొదలుకొని ఆమె పోయిన తర్వాత బంధువులకు పంచిన గిన్నెల వరకు, ఆయన చేతి మీదుగా వచ్చిన ఏ వస్తువూ పేరు లేకుండా మా గడప దాటలేదు. ఇవ్వడంలో ఆయనకు ఆనందం లేదని నేను అనను. కాకపోతే, ఇచ్చింది ఎవరో తెలియకపోతే ఆయన లెక్కలో అది ఇచ్చినట్టే కాదు.

ఆయన కొట్లో గల్లాపెట్టె పక్కన పేర్లు కొట్టే మిషను ఉంటుంది. లావుపాటి పెన్నులాగా ఉంటుంది. కరెంటు పెడితే జుయ్యిమంటూ ముల్లు పైకీ కిందికీ ఆడుతుంది. పెళ్ళిళ్ళ కాలంలో ఆ చప్పుడు సందు చివరిదాకా వినబడుతుంది. ఆ చప్పుడు వింటుంటే ఆయన ముఖం కచేరీ వింటున్నట్టు ఉంటుంది.

మా అమ్మాయి అమృతకు సైకిల్ కొనిస్తానని ఆయన అన్నప్పుడు నేను ఈ మిషను సంగతి మరిచిపోయాను.

అమృత ఎమ్మిగనూరులో డిగ్రీ మొదటి సంవత్సరం. పొద్దున్నే లేచి ఆదోని రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంది. తోడు గౌరి. గోనెగండ్ల దగ్గరి పల్లె పిల్ల, పత్తి ఏరడానికి పోయే వాళ్ళ ఇంటి పిల్ల, అమృత కంటే ఏడాది చిన్నది. గౌరికి వాళ్ళ బడికి ఎవరో దాత ఇచ్చిన అల్యూమినియం బండి ఉంది. అమృతది మామూలు గేర్ల సైకిల్, బర్రె అంత బరువు. దసరా వెళ్ళిన ఆదివారం కర్నూలులో రాష్ట్ర జట్టుకు ఎంపిక. ఒక్కొక్కరినే వదిలి, ఎవరు ఎంతసేపట్లో పోయి వచ్చారో గడియారం పెట్టి చూస్తారు. ఈ ఏడు తప్పితే అమృత వయసు జూనియర్ల హద్దు దాటుతుంది. పెద్దవాళ్ళ జట్టులోకి పోవాలంటే ఏళ్ళ తరబడి పట్టణాల్లో తర్ఫీదు పొందినవాళ్ళతో తలపడాలి. కాబట్టి ఆమెకున్నది ఈ ఒక్క ఆదివారమే.

కార్బన్ ఫ్రేము ఆమే వెతికి పట్టింది, ఆన్‌లైన్‌లో. ఆ కంపెనీ పేరులో అచ్చులు తక్కువ, గొప్పలు ఎక్కువ. ఫోటోలో మంచు కొండలు, ఆ కొండల మీద ఒక తెల్లవాడు, వాడి ముఖంలో మోక్షం. అంతరిక్ష నౌకల్లో వాడే పదార్థమట. అంతరిక్ష నౌకల్లో వాడేది ఇంత చవకగా ఆదోని సందులోకి ఎందుకు పంపిస్తున్నారో మాత్రం ఎక్కడా రాయలేదు. బావ తన ఫోన్‌లోనే ఆర్డరు పెట్టాడు. అట్ట పెట్టె ఒక మూల నలిగి ఆయన కొట్టుకు వచ్చింది. ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు దాన్ని పైన వేయమనకుండా, తన సీటు పక్కన నిలబెట్టుకోనిచ్చాడు. ఆ మనిషి పేరు నాకు తెలియదు. ఆయన మంచితనం ఏ బిందె మీదా లేదు.

మిగతా సామాను మా డబ్బుతో ఒకటొకటిగా చేరింది. చక్రాలు బెంగళూరులో ఎవరో వాడి అమ్మినవి. గేర్లు ఇంకొకరివి. బిగించడం బస్టాండు దగ్గర ఏసన్న సైకిల్ షాపులో. నేను సాయంత్రాలు కాలేజీ నుంచి నేరుగా అక్కడికే పోయి స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

ఏసన్న ఫ్రేమును ఒంటివేలితో ఎత్తి చూశాడు.

"ఏంది సారూ ఇది, లోపల ఏమన్నా ఉండాదా, వట్టి రంగేనా?"

"కార్బన్ అన్నా," అంది అమృత.

"కార్బనంటే బొగ్గే గదమ్మా. బొగ్గుతో సైకిల్ జేసినారా? మన ఎండకు అంటుకుంటే?"

"నువ్వు బీడీ ఆర్పు, ఏమీ అంటుకోదు."

ఏసన్నకు ఆ ఫ్రేము మీద మొదటి రోజు నుంచీ చులకనే. సీటు గొట్టానికి పూయమని ఒక చిన్న పేస్టు పొట్లం వచ్చింది. వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇసుక కలిపి అమ్మినారు సూడు సారూ, కల్తీ సరుకు," అని గుడ్డతో తుడిచేసి తన డబ్బాలోని గ్రీజు దట్టంగా పూశాడు. కార్బన్ గొట్టం జారకుండా పట్టు ఉండడానికే ఆ గరుకు పేస్టు. అమృత ఎక్కి మొదటి స్పీడ్ బ్రేకర్ దాటేసరికి సీటు సర్రున దిగి, ఆమె మోకాళ్ళు గడ్డానికి వచ్చాయి. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళందరూ ఆ పూటకు సరిపడా నవ్వుకున్నారు.

"బొగ్గుబండి మోకాళ్ళేసింది!" అని ఎవరో అరిచారు.

ఏసన్న నవ్వలేదు. "గ్రీజు మంచిదేనమ్మా, ఫ్రేముదే తప్పు," అన్నాడు.

అమృత గ్రీజంతా స్పిరిటుతో కడిగి, మళ్ళీ పేస్టు తెప్పించుకుంది. పెడళ్ళ ఇరుసు కూర్చునే రంధ్రంలో జిగురు గడ్డ కట్టి ఉంటే సన్నని ఆకురాయితో రోజుకు కొంచెం గీకింది. ఫ్రేము అమ్మినవాళ్ళు ఆ పని చేసి ఉంటే మంచు కొండల ఫోటోకు ఖర్చు మిగిలేది కాదు. ప్రతి మరకూ ఇంత బిగువే పట్టాలని లెక్క ఉందట. ఆ బిగువు రాగానే టక్కుమనే స్పానరు ఒకటి కొంది. దాన్ని చూసి ఏసన్న, "టక్కుమంటే ఆపాలంట! మా చెయ్యి టక్కుమనేదాకా బిగిస్తాం మేము," అన్నాడు.

సైకిల్ నిలబడింది. నల్లటిది, మెరుపు లేనిది, స్టాండు లేనిది, కారియర్ లేనిది. ఒక రోజు తెల్లవారి నేను మోపెడ్ మీద వెనకే పోయాను. గాలి ఆదోని వైపే వీస్తోంది, అదీ ఒక దయ. దారి పక్క తుమ్మచెట్ల ముళ్ళకు పత్తి ట్రాక్టర్ల నుంచి రాలిన దూది చిక్కుకొని ఉంది. అమృత వంగి తొక్కుతుంటే గొలుసు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊళ్ళో నవ్వినవాళ్ళ మీద నాకున్న కోపం ఆ పొద్దున కొంచెం చల్లారింది.

ఆదోనిలో బావ చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"బాగుండాది. నా పేరు యాడ?"

"స్టిక్కర్ వేయిస్తా మామా," అంది అమృత.

"స్టిక్కర్ వానకు పోతాది."

"మన ఊళ్ళో వాన యాడుంది మామా?"

ఆయన నవ్వాడు. అంతటితో పోయిందనుకున్నాం. ఆయుధపూజకు బండి తన కొట్లో ఉండాలనీ, ముందు రోజే తెచ్చి వదలాలనీ అన్నాడు. మేనమామ ఇచ్చిన వస్తువుకు మేనమామ ఇంట్లో పూజ, అందులో అనడానికి ఏముంది? వదిలి వచ్చాం.

మర్నాడు పోయేసరికి కొట్టు ముందు బంతిపూల తోరణం, మామిడాకులు, చక్రాల కింద నిమ్మకాయలు. సైకిల్‌కు గంధం, కుంకుమ. వంగి చూసిన అమృత అట్లాగే వంగి ఉండిపోయింది.

కింది లావు గొట్టం మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా వెండి రంగు అక్షరాలు. 'కీ.శే. తులసీబాయి జ్ఞాపకార్థం, వారి అన్న భీమసేనరావు, స్టీలు పాత్రల వ్యాపారి, ఆదోని.' దాని వెంట ఫోన్ నంబరు. అవతలి వైపుకు పోయి చూశాను. అక్కడా అదే. ఎవరు ఏ వైపు నుంచి వచ్చినా నష్టపోకూడదు గదా.

నేను అక్షరాల మీద వేలు పెట్టాను. గోరు దిగింది.

పేర్లు కొట్టే హనుమన్న పక్కనే నిలబడి ఉన్నాడు. పని మెచ్చుకుంటామని ఎదురు చూస్తున్నాడు పాపం. "స్టీలు మీద ఐతే తెల్లగా మెరుస్తాది సారూ. దీని మీద ఎంత కొట్టినా కనపళ్ళేదు. పెద్దాయన ఇంకా లోతుగా కొట్టమన్యాడు. లోతుగా కొట్టి వెండి రంగు నింపినా."

కార్బన్ అంటే గుడ్డ. నల్లటి దారాల నేత, జిగురుతో బిర్రబిగిసిన నేత. దాని బలమంతా దారం తెగకుండా ఉండడంలోనే ఉంది. మా బావ దాన్ని ముల్లుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్లు ఊడదీసినట్టు ఊడదీయించాడు. నేతగాళ్ళ ఊరైన ఎమ్మిగనూరుకు పక్క ఊరివాడు చేసిన పని ఇది.

"మామా, దారాలు తెగిపోయినాయి. ఇది ఇరుగుతుంది," అంది అమృత.

"యాది ఇరిగేది? అచ్చరాలు కొడితే ఇరుగుతాదా?" అన్నాడు బావ. "మా నాయన కాలం నుంచి బిందెలకు కొడతాండాము. ఒక్క బిందె కారిందని ఎవురన్నా వచ్చినారా? సెప్పు హనుమన్నా, వచ్చినారా?"

"ఎవరూ రాలే సామీ."

"ఇనింటివా? మీ అమ్మ పేరు వేయించినా తల్లీ. చూసుకో. పేరు ఉన్న వస్తువుకు బరువు ఉంటాది."

బిందెకూ, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వంతెన దిగే సైకిల్‌కూ తేడా ఆయనకు చెప్పాలి. చెప్పవలసినవాణ్ణి నేను. కాలేజీలో అరవై మందికి అర్థశాస్త్రం చెప్పే నోరు. ఆ నోటితో, "ప్రసాదం బాగుంది బావా," అన్నాను.

ఇంటికి వచ్చాక అమృత రూపాయి బిళ్ళతో గొట్టాన్ని తట్టి చూసింది. పై గొట్టం ఎండిన సొరకాయను తట్టినట్టు టకటకమంది. అక్షరాల దగ్గర కొన్నిచోట్ల అట్లాగే, కొన్నిచోట్ల తడిసిన అట్టను తట్టినట్టు. అమ్మినవాళ్ళకు ఫోటోలు పంపాను. తెలుగులోనే జవాబు వచ్చింది, ఏ మనిషీ రాయని తెలుగు: "ప్రియ మిత్రమా, అందమైన రూపకల్పన! చెక్కబడిన ఫ్రేముకు హామీ వర్తించదు. మీ స్వారీని ఆనందించండి."

ఎంపిక ఇంకో మూడు రోజులకు ఉంది.

"దీని మీదనే పోతా," అంది అమృత.

"వద్దులే అమ్మా."

"మరి దేని మీద పోవాల? ఆ బర్రె మీదనా? దాని మీద పోతే నన్ను చూడ్డానికి కూడా ఆగరు నాన్నా. ఇది ఆ అర్ధగంట ఆగితే చాలు. ఇరిగితే తర్వాత ఇరగనీ."

"అర్ధగంట ఆగుతుందని ఎట్ల తెలుసు?"

"ఆగదని నీకెట్ల తెలుసు?"

నిజమే, తెలియదు. ఆ ఫ్రేముతో వచ్చిన చిక్కంతా అదే. ఇనుము వంగుతుంది, వంగి చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు. చెప్పిన రోజున రోడ్డు మీద దంతాలు ఏరుకోవాలి.

"అయినా నేను చెప్తాండా, వద్దు," అన్నాను.

అమృత నా వైపు చూసింది. కోపంగా కాదు. "మామకు చెప్పల్యాకపోతివి నాన్నా. ప్రసాదం బాగుందంటివి. నాకు మాత్రం వద్దని చెప్తావా? నేనైతే ఇంటానని గదా?"

ఆమె గౌరితో మామూలు సైకిల్ మీద సాధనకు పోయింది. నేను టక్కుమనే స్పానరు తీసుకొని పెరట్లోకి పోయాను. చక్రాలు విప్పాను. గొలుసు, గేర్లు, హ్యాండిలు, పెడళ్ళు, సీటు అన్నీ విప్పి చాప మీద వరసగా పెట్టాను. వట్టి ఫ్రేము మిగిలింది. దాన్ని బట్టలుతికే బండ మీద అడ్డంగా పెట్టి హ్యాక్సా బ్లేడు ఆనించాను. తులసీబాయి పేరు మీద రంపం పెట్టబుద్ధి కాలేదు. ఫోన్ నంబరు మధ్యలో పెట్టాను.

సగం కోసేసరికి గేటు చప్పుడైంది. అమృత. వెనక గౌరి. నేను ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం ఉండదని తెలుసు. బ్లేడు కింద నల్లటి పొడి లేస్తోంది. అమృత కొంతసేపు నిలబడి చూసింది. తర్వాత లోపలికి పోయింది. ఇంక నాతో మాట్లాడదని అనుకున్నాను. తడిపి పిండిన తువ్వాలు తెచ్చి నా ముక్కుకూ నోటికీ చుట్టి, మెడ వెనక ముడి వేసింది. కొంచెం గట్టిగానే వేసింది.

"ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతాది. నోరు మూసుకొని కొయ్యి."

కోశాను. ముక్కలు విడిపోయాక లోపల చూశాం. ఒక అక్షరం వెనక తెల్లటి గీత ఉన్నట్టుంది. గౌరి అది గీత కాదు, జిగురు అంది. అది ఆగేదో, విరిగేదో మాకు ఎప్పటికీ తెలియదు. మా బావకు మాత్రం తెలుసు. ఆగేదే.

"అక్కా, నా బండి మీద పోదువు," అంది గౌరి. "నాకు వచ్చే ఏడు ఉంది గదా."

"నువ్వు ఇంట్లో కూచుంటే నేను తొక్కాల్నా? ముయ్ నోరు."

"ఐతే ఇద్దరమూ తొక్కుదాం. ఒక్కొక్కరినే గదా ఇడిచేది?"

అమృత తల తిప్పి చాప మీదున్న చక్రాల వైపు చూసింది.

ఆ సాయంత్రం ఏసన్న షాపులో గౌరి అల్యూమినియం బండికి అమృత చక్రాలు, గొలుసు, గేర్లు, పెడళ్ళు ఎక్కాయి. పెడళ్ళ ఇరుసు కొలత కలవకపోతే ఏసన్న పాత సామాను డబ్బా అంతా కుమ్మరించి ఏదో పట్టుకొచ్చాడు. "ఇదీ లోహమంటే," అని గొట్టం మీద చరిచాడు, అల్యూమినియాన్ని తనే కనిపెట్టినట్టు. ఫ్రేము కోసినానని విని మాత్రం నన్ను కొంచెం గౌరవంగా చూశాడు.

ఆదివారం కర్నూలు బయట సర్వీసు రోడ్డు మీద షామియానా వేశారు. షామియానా నీడ ముఖ్య అతిథికి, ఎండ పిల్లలకు. అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. గడియారం పట్టుకున్న ఆఫీసరుకు మా సంగతి చెప్పాను. ఒకే బండి, ఇద్దరు పిల్లలు.

"ఇదేం ఆటోనా సార్, షేర్ చేసుకోవడానికి?" అన్నాడు.

ఆయన పక్కనున్న మిగతావాళ్ళు నవ్వారు. బొజ్జలు ఊగేలా నవ్వారు. వాళ్ళల్లో ఒక్కొక్కరు సైకిల్ ఎక్కి ఎన్నేళ్ళయిందో వాళ్ళ బెల్టు రంధ్రాలే చెబుతున్నాయి. నవ్వడం అయ్యాక ఆ ఆఫీసరే కాగితం మీద గౌరి పేరు మొదటికీ, అమృత పేరు చివరికీ మార్చాడు. నా ముఖం చూడకుండా మార్చాడు. ఉపకారం చేసినట్టు నలుగురికీ కనబడడం ఆయనకు ఇష్టం లేనట్టుంది. మా బావను తీసుకొచ్చి పక్కన నిలబెట్టాలనిపించింది.

గౌరి పోయి, చెమటతో తడిసి వచ్చింది. చాలా మంది తర్వాత గాని అమృత వంతు రాలేదు. ఆలోగా నేను సీటు పైకి లేపి, టక్కుమనేదాకా బిగించాను. గౌరి బండిని కదలకుండా పట్టుకుంది.

"నేను తొక్కి వేడి జేసిచ్చినా అక్కా, ఇంక దానంతట అదే పోతాది," అంది.

అమృత పోయింది. వంతెన అవతల వంపులో కనబడకుండా పోయినప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. భయపడలేదని చెప్పను. కానీ అది రోడ్డు మీద ఎవరికైనా ఉండే భయం. మా ఇంటివాళ్ళు తెచ్చిపెట్టిన భయం కాదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం మీద దుమ్ము, పెదవుల మీద ఉప్పు, ఒళ్ళంతా చెక్కుచెదరకుండా ఉంది.

జట్టుకు ఐదుగుర్ని తీసుకున్నారు. ఐదో పేరు అమృతది. గౌరిది ఏడోది. గౌరి ఆ పట్టిక చూసి, "వచ్చే ఏడు సీటు ఎత్తే పని ఉండదులే మామా," అని నన్ను చూసి నవ్వింది. తర్వాత కొంచెంసేపు కనబడలేదు. నీళ్ళ ట్యాంకరు వెనకకు పోయి ముఖం కడుక్కొని వచ్చింది. అమృత వెళ్ళి దాని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే పొట్లంలోంచి బొరుగుల ఉగ్గాని తిన్నారు.

మరునాడు బావ ఫోను చేశాడు. ఫ్రేము కోసిన సంగతి ఆయనకు అంతకు ముందే చేరింది. ఆదోనిలో సగం మందికి ఆయనే చేర్చాడు. నేను పిచ్చివాణ్ణని, తన చెల్లెలు పోయిన తర్వాత నాకు మతి చెదిరిందని. ఇప్పుడు గొంతు వేరు.

"ఏమప్పా జయతీర్థా, పిల్ల గెలిచినాదంట గదా! మేనమామ ఇచ్చిన చక్రాలంట గదా!"

చక్రాలు ఆయనవి కావు.

"జట్టులో చేరితే వాళ్ళే కొత్త బండి ఇస్తారంట. అది ఇంటికి రాంగానే ఒక్క పూట కొట్టుకు పంపు. ఈసారి పైపైనే కొట్టిస్తా. చిన్న అచ్చరాలు."

వంటింట్లో అమృత గ్లాసులు కడుగుతోంది. ఒక్కసారిగా నీళ్ళ చప్పుడు ఆగింది.

"పంపను బావా," అన్నాను.

ఆయనకు వినబడలేదు. ఫ్లెక్సీ ఎవరి దగ్గర వేయించాలో, తన ఫోటో ఏ వైపు ఉండాలో, తులసీబాయి ఫోటో మా ఇంట్లో మంచిది ఏదైనా ఉందా అని అడుగుతున్నాడు. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగాను. ఆయన ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"బావా, బండి పంపను," అని మళ్ళీ అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా.